తుగ్లక్ నాటకము – దాని సామాజికులు

నాటకము పుట్టిన నాడే దానిపై తగవు కూడ పుట్టినదని మన పూర్వులు చెప్పియున్నారు. భరతుని నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయములోని కథ సుప్రసిద్ధము. ఇంద్రధ్వజోత్సవ సమయమున భరతపుత్రులు, దేవతలు దైత్యులను జయించిన వృత్తాంతమును ప్రదర్శించిరి. సభలోనున్న దైత్యులు తమ పరాజయమును తమ కన్నులయెదుటనే చూపుట సహింపలేకపోయిరి. విరూపాక్షుని ముందిడుకొని విఘ్నులు నటుల వాక్కును, చేష్టను, స్మృతిని స్తంభింపజేసిరి. ఇంద్రుడు జర్జరమను దండముతో వారిని చెదరగొట్టెను. పిదప విశ్వకర్మ నాట్యగృహమును నిర్మించెను. అంతటితో నాగక బ్రహ్మ ఆ విఘ్నులను పిలిచి, ఈ నాట్యము మిమ్ము మాత్రమే గాని దేవతలను మాత్రమే గాని చూపునది కాదు, ముల్లోకముల భావములను అనుకీర్తించునది యని సామవాక్యములతో బోధించెను.

రాజకీయ నాటకములను గూర్చి నేడు చెలరేగు వాదములన్నిటికిని ఈ కథయందు బీజములున్నవి. ఒకరు తమను కించపఱచినారని ఆక్రోశింతురు. ఒకరు దండము నెత్తుదురు. ఒకరు రంగశాలను కట్టుదురు. నాటకమనగా నేమో ఓపికతో చెప్పుటకు పూనుకొనువాడు ఒక్కడే. ఈ కడపటి పని విమర్శకునిది. బెంగళూరు రంగస్థలమున అర్ధశతాబ్దికి పైగా పేరుగొని, చూచినవారిని ఏదో యొక పక్షమున నిలుపుచు వచ్చిన గిరీశ్ కర్నాడుగారి ‘తుగ్లక్’ నాటకమును గూర్చి ఆ పనిని కొంతవఱకు చేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. నాటకమును చూచువారిని భరతముని సంప్రదాయము ననుసరించి ఇందు సామాజికులని వ్యవహరించితిని.

నాటకము – ప్రదర్శనములు

కర్నాడుగారు (1938–2019) ఈ నాటకమును కన్నడమున 1964లో వెలువరించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియాఱేండ్లు. మహమ్మద్ బిన్ తుగ్లక్ 1325 మొదలు 1351 వఱకు ఢిల్లీ నేలిన సుల్తాను. నాటకము 1327లో ఆరంభమై, నడుమ అయిదేండ్ల వ్యవధి నిచ్చి, పదుమూడు రంగములతో ముగియును. రాజధానిని ఢిల్లీనుండి దౌలతాబాదునకు మార్చుట, వెండి నాణెముతో సమానమగు విలువను రాగి నాణెమునకు కల్పించి చలామణిలో పెట్టుట అను రెండు కార్యములు కథకు ఆధారములు.

కన్నడ రంగమున సి. ఆర్. సింహగారు తుగ్లక్ పాత్రధారణముచే విశేష ఖ్యాతి గడించిరి. వారు 1972లో బెంగళూరున ‘నటరంగ’ సంస్థను స్థాపించిరి. బి. వి. కారంతుగారు నాటకమును హిందుస్తానీలోనికి అనువదించిరి. 1970లో బొంబాయిలో అలీక్ పదంసీగారు దీనిని ఆంగ్లమున ప్రదర్శింపగా కబీర్ బేడీగారు ప్రధాన పాత్రను ధరించిరి. ఆ దశకముననే ఇబ్రహీం అల్కాజీగారు ఢిల్లీలోని పురానా ఖిలా గోడలనే రంగాలంకరణముగ గ్రహించి, మనోహర్ సింగ్‌గారిని సుల్తానుగ నిలిపి ప్రదర్శింపజేసిరి. మన తెలుగువారిలో అనేకులు కర్నాడుగారిని ‘ఆనందభైరవి’ (1983) చలనచిత్రమున నటులుగ నెఱుగుదురు. బళ్లారిలో జన్మించిన భార్గవీరావుగారు వారి నాటకములను తెలుగున కనువదించి ఆ పరిచయమును దృఢపఱచిరి.

సామాజికుల నాలుగు తెఱగులు

ఈ నాటకముపై వెలువడిన అభిప్రాయములను కూర్చి చూచినచో అవి ముఖ్యముగ నాలుగు తెఱగులుగ కనబడును.

మొదటివారు సుల్తానును భగ్నమైన ఆదర్శముగ చూచువారు. హిందువులపై జిజియా పన్నును తొలగించినవాడు, న్యాయస్థానమున తనపై తీర్పు వచ్చినను తలయొగ్గినవాడు, గ్రీకు తత్త్వమును చదివినవాడు, ప్రజలు తనను అర్థము చేసికొనకపోవుటచే చెడినాడని వీరి భావము. స్వాతంత్ర్యానంతరము దేశము కన్న కలలను, అవి చెదరిన తీరును ఇందు చూచినవారు 1960ల దశకమున పెక్కుమంది. నెహ్రూ యుగానంతరపు నిరాశ ఈ నాటకమున ప్రతిఫలించినదని యు. ఆర్. అనంతమూర్తిగారు 1972లో ప్రకటితమైన ఆంగ్లానువాదపు పీఠికలో వ్రాసిరి. అయినను నాటకము ఆ పోలికతో తీరిపోవునది కాదనియు వారే హెచ్చరించిరి.

రెండవవారు సుల్తానును హంతకునిగ మాత్రమే చూచువారు. తనను పోలిన షేక్ ఇమాముద్దీనునకు తన వేషము వేయించి చావునకు పంపినవాడు, షిహాబుద్దీనును తన చేతితో పొడిచినవాడు, సవతి తల్లిని రాళ్లతో కొట్టి చంపించినవాడు ఎంత పండితుడైన నేమి యని వీరి ప్రశ్న. 1975–77 నాటి అత్యవసర పరిస్థితిని అనుభవించినవారికి ఈ ప్రశ్న మఱింత పదునుగ తోచుట సహజము.

మూడవవారు మతదృష్టితో చూచువారు. వీరు మరల రెండుగ చీలుదురు. మహమ్మదీయ ప్రభువును ఉన్మత్తునిగ చూపినాడని కొందఱు, క్రూరుడైన ప్రభువునకు ఉదారుని వేషము తొడిగినాడని కొందఱు ఒకే నాటకమును రెండు వైపులనుండి ఆక్షేపింతురు. నాటకకర్త తన రాజకీయాభిప్రాయములను బహిరంగముగ ప్రకటించుచు వచ్చిన వ్యక్తి యగుటచే, ఆయన కడపటి సంవత్సరములలో ఈ ఆక్షేపణలు నాటకమునుండి నాటకకర్తకు, నాటకకర్తనుండి నాటకమునకు ప్రాకినవి.

నాలుగవవారు నాటకమును ఒక తిట్టుగ వాడుకొనువారు. మన భాషలో ‘పిచ్చి తుగ్లక్’ అనుమాట ఏ పాలకునకైనను తగిలింపదగినదిగ పూర్వమే స్థిరపడియున్నది. 2016 నవంబరు 8వ తేదీన రూ. 500, రూ. 1000 నోట్లను రద్దుచేసినపుడు ఈ మాట దేశమంతట వినబడినది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశమునకు మూడు రాజధానుల ప్రతిపాదన వెలువడినపుడు ప్రతిపక్షమువారు ఇదే పేరును ప్రయోగించిరి. నాణెమును మార్చినను తుగ్లకే, రాజధానిని మార్చినను తుగ్లకే! ఇట్టి సామాజికుడు తాను నిందింపదలచిన వ్యక్తిని వెంటబెట్టుకొనియే రంగశాలకు వచ్చును. రంగముపైనున్న సుల్తానును అతడు చూడనే చూడడు.

తమిళమున చో రామస్వామిగారు 1968లో వ్రాసిన ‘ముహమ్మద్ బిన్ తుగ్లక్’ ప్రహసనము ఈ నాలుగవ కోరికను చక్కగ తీర్చినది. సభ యంతయు కలిసి నవ్వుటకు అందు అవకాశమున్నది. కర్నాడుగారి నాటకమున అట్టి సామూహికమైన సుఖము లేదు. ఈ భేదమును గుర్తింపనివారు రెండింటిని ఒకే గాటకట్టుట పొరపాటు.

చీలిక నాటకములోనిదే

ఇంతటి అభిప్రాయభేదమునకు కారణమేమి? నాటకకర్త అస్పష్టముగ వ్రాసెనా? లేక వలయునని కలహమును రేపెనా? ఈ రెండును కావని నా అభిప్రాయము. నాటకమున అధికారమును చెలాయించువానికి ఎంత చోటున్నదో, దానిని చూచుచుండువారికిని అంత చోటున్నది. సామాజికులలోని చీలిక మొదట రంగముపైననే చూపబడినది.

ప్రథమ రంగమును గమనింపుడు. తెర లేచునప్పటికి సుల్తాను కనబడడు, గుమిగూడిన జనము కనబడును. ఒక వృద్ధుడు సుల్తాను పోకడలను గర్హించును. ఒక యువకుడు ప్రశంసించును. జిజియా బాధ తొలగిన హిందువు సంతసింపవలసినది పోయి సందేహించును: తన్నిన ప్రభువు మనసు తెలియును గాని, నీవును మనిషివే యన్న ప్రభువు మనసు తెలియదని అతని భయము. ఈ మువ్వురును న్యాయస్థానమున జరుగు ఒక ‘ప్రదర్శనమును’ చూడ వచ్చినవారు. సుల్తానుపై వ్యాజ్యెము గెలిచిన బ్రాహ్మణుడు నిజమునకు వేషధారియైన అజీజు, కులముచే చాకలి. అనగా ప్రభువు తన న్యాయబుద్ధిని ప్రదర్శించుచుండగా, ఆ ప్రదర్శనమును తన లాభమునకు మలచుకొనిన నటుడు వేఱొకడున్నాడు. సభలో కూర్చున్న మనము మాటాడుకొనబోవు మాటలన్నియు ఆ గుంపు ముందే మాటాడివేసినది.

ఇంతకన్న గంభీరమైనది షేక్ ఇమాముద్దీను ఘట్టము. తనను నిందించు ఆ మహావక్తకు సుల్తాను తానే సభ నేర్పాటుచేసి, ప్రజలందఱు వచ్చి వినవలెనని చాటించును. చెప్పిన వేళకు ఒక్కడును రాడు. ప్రజలను ఇండ్లు కదలనీయకుండ సైనికులు అడ్డగించినారని తరువాత తెలియును. విమర్శకు వేదిక నిచ్చి శ్రోతలను లాగివేసిన ఈ ఉపాయమును మించిన రాజకీయ వ్యాఖ్య ఈ నాటకమున మఱొకటి లేదు. వక్త నోరు మూయింపబడలేదు, ఖాళీ సభయే అతని నోడించినది. సామాజికుడు లేనిచో రంగస్థలముగాని రాజ్యసభగాని యెట్లు నిర్జీవమగునో ఈ ఒక్క రంగము నిరూపించుచున్నది.

మఱియొక విశేషము. సుల్తాను ప్రతి కార్యమునకును రంగముపై మువ్వురు సాక్షులు గలరు. చరిత్రకారుడు బరనీ ధర్మదృష్టితో చూచి దుఃఖించును. వజీరు నజీబు రాజనీతి దృష్టితో చూచి లెక్కగట్టును. అజీజు లాభదృష్టితో చూచి దోచుకొనును. సభలోని ప్రతి సామాజికుడును తెలిసియో తెలియకయో ఈ మువ్వురిలో ఒకని ప్రక్కన చేరును. ఆదర్శము కూలెనని వగచువాడు బరనీ పక్షము. రాజ్యమునకు కాఠిన్యము తప్పదనువాడు నజీబు పక్షము. అంతయు ఒక వేషమే గదా యని నవ్వువాడు అజీజు పక్షము. కావున నాటకము ముగిసిన పిమ్మట వెలుపల జరుగు వాదము నాటకమునకు వెలుపలిది కాదు. అది పదునాల్గవ రంగము.

ఇచ్చట అభినవగుప్తుని మాట స్మరణీయము. రసానుభవమునకు కలుగు ఏడు విఘ్నములలో, సామాజికుడు తన సొంత సుఖదుఃఖములకు వశుడగుట యొకటియని ఆయన చెప్పెను. తుగ్లక్ యందు తన కాలపు పాలకుని చూచువాడు ఈ విఘ్నమునకు లోనైనవాడే. అయినను రాజకీయ నాటకమునకు ఈ విఘ్నమే ద్వారము కూడ. తన కాలము తనను బాధింపనివాడు ఈ నాటకమునకు రానే రాడు. ద్వారమువద్దనే నిలిచిపోవుట మాత్రమే దోషము. నోట్ల రద్దును తలచుకొని లోపలికి వచ్చినవాడు, దొంగ నాణెములతో నిండిన అయిదువందల బండ్లను రాజోద్యానమున గులాబీలమధ్య గుమ్మరింపజేయు సుల్తానును చూచి, ఆ గులాబీతోట ఒకనాటి కలయని గుర్తింపగలిగినచో విఘ్నమును దాటినవాడగును.

దైర్ఘ్యమును గూర్చి

నాటకము మిక్కిలి దీర్ఘమను ఆక్షేపణ కూడ వినబడును. ఈ విషయమున తెలుగు సామాజికునకు ప్రత్యేకముగ చెప్పవలసినది గలదు. రాత్రి తెల్లవార్లు పద్యనాటకములు చూచి తనియని జాతి మనది. బలిజేపల్లివారి హరిశ్చంద్రునితో కాటిలో గంటలకొలది నిలిచితిమి, తిరుపతి వేంకట కవుల కృష్ణునితో రాయబారములు నడపితిమి. దైర్ఘ్యము మనకు భారము కాదు. అయితే అచ్చట కథ మనకు ముందే తెలియును, ధర్మ మెవనియందున్నదో దానిపై సభలో భేదము లేదు. ఇష్టమైన పద్యమునకు ‘వన్స్ మోర్’ అని కేకవేయుట అచ్చటి సామాజికుని తీర్పు. తుగ్లక్ యందు అట్లు మరల పాడింపదగిన పద్యము లేదు, ముందే ఒప్పుకొనిన ధర్మమును లేదు. కాలము కన్న అనిశ్చయమే దుర్భరమై తోచుచున్నది.

ఆ అనిశ్చయమునకు కాలము అవసరము. అజీజు, ఆజము అను జంట పాత్రలను కర్నాడుగారు కంపెనీ నాటకములలోని హాస్యగాండ్ర జంటనుండి గ్రహించిరి. కంపెనీ నాటకమున దర్బారు రంగముల నడుమ ముందు తెరపై చిన్న హాస్యరంగములు నడచుట మన పాత ప్రేక్షకులకు పరిచితమైన పద్ధతియే. ఇందు మాత్రము ఆ హాస్యము తన హద్దులో నిలువదు. దౌలతాబాదు దారిలో, చావునకు సిద్ధముగనున్న బిడ్డను వైద్యునివద్దకు కొనిపోవ సెలవు వేడిన తల్లిని అజీజు లంచమునకై నిలిపివేయును. అంతవఱకు అతని తెలివికి నవ్విన సభ అచ్చట నవ్వలేదు. అటులనే షిహాబుద్దీను హత్యకు ఏవగించుకొనిన మనస్సు, దౌలతాబాదు కోటపై రాత్రివేళ యువకుడైన కాపరితో ఒంటరిగ మాటాడు సుల్తానునెడ మరల జాలిగొనును. ఇట్లు మొగ్గిన త్రాసును మరల మరల మొగ్గింపకున్నచో, సామాజికుడు మొదటి గంటలోనే తీర్పు వ్రాసికొని నిద్రపోవును. కడపట నిద్రించునది సుల్తాను. తాను నిషేధించి మరల అనుమతించిన ప్రార్థనకు పిలుపు వినబడుచుండగా నిద్రించి, మేల్కొని, తానెచ్చటనున్నాడో తెలియక చూచుచుండును. సామాజికునకు అట్టి నిద్రను ఈ నాటకము ప్రసాదింపదు.

తెలుగువారి జ్ఞాపకము

బెంగళూరున ఈ నాటకమును చూచు తెలుగువానికి కన్నడ సోదరునకు లేని యొక జ్ఞాపకము గలదు. సుల్తాను కాకముందు ఈ తుగ్లక్, ఉలుఘ్ ఖాను అను పేర, 1323లో ఓరుగల్లును జయించినవాడు. కాకతీయ ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి కొనిపోబడుచు, త్రోవలో నర్మదాతీరమున అసువులు బాసెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. పిదప తెలుగునేల అనుభవించిన కష్టములను ఆ శాసనమే వర్ణించినది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి చరిత్రకారులు మఱుగుపడిన ఈ ఘట్టమును వెలికితీసి మనకిచ్చిరి.

నాటకము 1327లో ఆరంభమగుటచే ఓరుగల్లు పతనము రంగముపైకి రాదు. అందుచే తెలుగు సామాజికుడు అన్యాయము జరిగినదని తలంపవచ్చును. అతని బాధ యథార్థము. అయినను నాటకము చరిత్రయంతటికి బదులు చెప్పవలసినది కాదు. పైగా ఈ జ్ఞాపకమే నాటకమును చూచుటకు మనకొక బలము నిచ్చుచున్నది. దౌలతాబాదు హిందువులు నివసించు నగరము గనుక అచ్చటి రాజధాని రెండు మతముల మైత్రికి చిహ్నమగునని సుల్తాను పలుకునపుడు, ఆ మాటలోని అందమును, నాలుగేండ్ల వెనుక దక్షిణమున నడచిన సేనను ఒక్కసారిగ మనము తలంపగలము. ఆదర్శము అబద్ధము కాదు, రక్తమును అబద్ధము కాదు. ఈ రెండింటిని ఒకే మనస్సున నిలుపుకొనగలుగుటయే ఈ నాటకము సామాజికుని నుండి కోరునది.

ఇట్టి నాటకము మన భాషకు మొదటినుండి అపరిచితము కాదు. కన్నడ తెలుగు సీమల కూడలియైన బళ్లారిలో కోలాచలం శ్రీనివాసరావుగారు విజయనగర పతనమును నాటకముగ వ్రాసిరి. అందు పఠాను రుస్తుముగ బళ్లారి రాఘవగారు అసమానమగు నటన చూపిరి. శత్రుపక్షపు పాత్రకు అంతటి మానవత్వమును ఇచ్చిన ఆ నాటకము సయితము మతవైషమ్యమును రేపునను ఆక్షేపణకు గురియైనది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు వ్రాయగా ప్రజానాట్యమండలి ఊరూర ప్రదర్శించిన ‘మా భూమి’ మఱియొక మార్గము. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. తెలంగాణ రైతు పోరాటమును చూపిన ఆ నాటకమున సామాజికులు ఒక్కటియై లేచిరి. చీలిక సభకును ప్రభుత్వమునకును నడుమ నుండెను. తుగ్లక్ యందు చీలిక సభలోననే, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషిలోననే యుండును. మొదటిది పోరాటమునకు కావలసిన నాటకము, రెండవది పరిపాలనను పరీక్షించుకొనుటకు కావలసిన నాటకము. స్వతంత్రమైన జాతికి రెండును వలయును. మొదటిదానికి తెలుగున కొఱతలేదు. రెండవదానికై మనమింకను పొరుగిల్లు తొంగిచూచుచున్నాము.

ఉపసంహారము

నాట్యశాస్త్రము ఇరువదియేడవ అధ్యాయమున భరతముని సామాజికుల స్పందనములను లెక్కించి చెప్పెను: చిఱునవ్వు, పెద్దనవ్వు, ‘సాధు’ అనుట, ‘అహో’ అనుట, ‘కష్టము’ అనుట, గగుర్పాటు, ఆసనములనుండి లేచుట. యువకులకొకటి, విరాగులకొకటి, అర్థపరులకొకటి రుచించుననియు, ఉత్తమ సామాజికుని గుణములన్నియు ఒక్కనియందే యుండుట దుర్లభమనియు ఆయనయే అంగీకరించెను. కనుక సభ యంతయు ఒకే మాట పలుకవలెనని కోరుట శాస్త్రసమ్మతము కాదు. నాటకమును ఆక్షేపించుట వేఱు, ఆపివేయుట వేఱు. ఆక్షేపించువాడు సామాజికుడు, ఆపివేయువాడు విఘ్నుడు.

ఈ నగరమున 1963నుండి రవీంద్ర కళాక్షేత్రము, 2004నుండి రంగశంకర వంటి రంగశాలలు వెలసి, విశ్వకర్మ చేయవలసిన పని చాలవఱకు జరిగియున్నది. మిగిలినది బ్రహ్మ చేసిన పని. ఉగాదికి, సంక్రాంతికి మన సంఘములు ఎవరిని నొప్పింపని హాస్యనాటికలను ఎన్నుకొనుట అలవాటైనది. అందు తప్పులేదు. అయితే సంవత్సరమున కొక్కసారియైనను, సభను రెండుగ చీల్చగల యొక నాటకమును తెలుగున ప్రదర్శించి, తెర పడిన పిమ్మట ఒక గంటసేపు రెండు పక్షములవారిని ఒకే చోట కూర్చుండబెట్టి మాటాడనిచ్చుట మన సంఘములకు అసాధ్యము కాదు. షేక్ ఇమాముద్దీను ఎదుట కుర్చీలు ఖాళీగనుంచిన సుల్తాను విజయమును మనము చూచితిమి. అట్టి విజయము ఏ పాలకునకును, ఏ పక్షమునకును, ఏ సంఘమునకును లభింపకుండ చూచుట సామాజికుని చేతిలోనున్నది. అతడు వచ్చి కూర్చుండి, కడవఱకు చూచి, పిదప వాదింపవలెను.